ఎవరివీ కాని నాలుగు నెలలు

ఇంటర్ రెండో సంవత్సరం ఆఖరి పేపరు రాసిన మధ్యాహ్నం మా కాలేజీ గేటు దగ్గర ఒకటే గోల. తెల్ల చొక్కాల మీద సంతకాలు పెట్టుకుంటారు, పెన్నులు దులిపి సిరా చల్లుకుంటారు, బస్సుకు టైమైందని ఒకరినొకరు కేకలేసుకుంటారు. గంటలో అంతా ఖాళీ. మర్నాటి నుంచి ఆ పిల్లలు మా హాజరుపట్టీలో ఉండరు. చేరబోయే కాలేజీ హాజరుపట్టీలోకి ఎక్కేది ఏ ఆగస్టులోనో. మధ్యలో నాలుగైదు నెలలు వాళ్లు ఎవరి లెక్కలోనూ లేరు.

ఫలితాలు ఆ నెలల్లోనే వస్తాయి. ప్రవేశ పరీక్షలు, ర్యాంకులు, వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్ల పరిశీలన, ఫీజులు, హాస్టలు వెతుకులాట, కొందరు ఆడపిల్లలకు పెళ్లిచూపులు, కొందరు మగపిల్లలకు మేస్త్రీ పనీ అన్నీ అప్పుడే. బతుకు ఏ దారిన పోవాలో తేలిపోయేది అప్పుడే.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లు సివిక్స్ చెప్పి రిటైరయినవాణ్ని. పదిహేడేళ్ల పిల్లల్ని ఇంటర్ తర్వాతి జీవితానికి తయారు చెయ్యడమనే విషయం మీద మన దగ్గరా, బయటా ఎవరేం ఆలోచించారు, ఏం చేశారు, ఎక్కడ చేతులెత్తేశారు అన్నది ఒకచోట పేర్చి చూద్దామని కూర్చున్నాను. చూసిన కొద్దీ ఒక్క సంగతే మళ్లీ మళ్లీ ఎదురైంది. పిల్లల్ని పరీక్ష గది గుమ్మం దాకా ఎత్తుకుని మోస్తున్నాం. పరీక్ష అయిపోగానే అక్కడే దించేసి వెనక్కి తిరిగి వచ్చేస్తున్నాం.

మన దగ్గర తయారీ అంటే పరీక్షే. ఇంటర్మీడియట్ బోర్డు 1971 చట్టంతో ఏర్పడింది. స్కూలుకూ డిగ్రీకీ నడుమ నిలదొక్కుకునే రెండేళ్లుగా ఉండాల్సిన ఇంటర్, చూస్తుండగానే ప్రవేశ పరీక్షలకు పరుగు తీసే దారిగా మారిపోయింది. ఎంపీసీ అంటే జేఈఈ, బైపీసీ అంటే నీట్, రెండిటికీ అందనివాళ్లకు ఎప్‌సెట్. సీఈసీ, హెచ్ఈసీ పిల్లల గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. నేను పాఠం చెప్పింది వాళ్లకే కాబట్టి ఆ బాధ నాకు తెలుసు.

ఈ పరుగులో కనీసం నియమాలైనా పిల్లలకు సరిగా చెప్తున్నామా అంటే అదీ లేదు. ఆంధ్రప్రదేశ్ ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణ 2023లో దాన్ని తీసేసింది. అది తీసేయగానే ఇంటర్ మార్కులతో పని లేదు, గట్టెక్కితే చాలన్న మాట పిల్లల్లో పాకింది. ఎన్ఐటీలో సీటు రావాలంటే జేఈఈ ర్యాంకు ఉన్నా సరే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకైతే 65. లేదంటే బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండాలి. నీట్‌కి కూడా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం తప్పనిసరి. ర్యాంకు చేతిలో ఉండి, మార్కుల దగ్గర ఆగిపోయి తలపట్టుకున్న తండ్రుల్ని చూశాను. వాళ్ల పిల్లలు తెలివి తక్కువవాళ్లేం కాదు. మొదటి ఏడాదిలోనే ఆ ఒక్క వాక్యం చెవిన వేసేవాళ్లు లేకపోయారు.

ఏ కోర్సు చదవాలన్న దాని మీద మాత్రం సమాచారానికి కొదవ లేదు. దినపత్రికల చదువు పేజీలు పాతికేళ్లుగా ఆ పని చేస్తున్నాయి. పల్లెటూరి పిల్లలకు కెరీర్ కౌన్సెలరంటే ఆ పేజీలే. కిళ్లీకొట్టు దగ్గర పేపరు అడిగి తీసుకుని, ఆ భాగం చింపి దాచుకున్న పిల్లవాడు తర్వాత నల్సార్‌లో లా చదివాడు. క్లాట్ రాసి అక్కడికి వెళ్లొచ్చని వాడికి చెప్పింది ఆ చింపిన కాగితమే. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ వచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు, అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ ఇఫ్లూ అన్నిటికీ అదే దారి. పదో తరగతితో సీఏ ఫౌండేషన్‌కు పేరు నమోదు చేసుకుని ఇంటర్ అవగానే పరీక్ష రాయొచ్చు. వ్యవసాయ బీఎస్సీ, నర్సింగ్, హోటల్ మేనేజ్‌మెంట్, డిజైన్, డీఈడీ ఇలా చెప్పుకుంటూ పోతే పేజీ నిండుతుంది. ఏమేం ఉన్నాయో చెప్పేవాళ్లు బోలెడంతమంది. నీకు ఏది సరిపోతుందో నీ పక్కన కూర్చుని మాట్లాడేవాళ్లు, అందులోకి వెళ్లడానికి ఏ రోజున ఏ కాగితం పట్టుకుని ఎక్కడ నిలబడాలో చెప్పేవాళ్లు దాదాపు లేరు.

ఈ లోటు మన ఒక్కళ్లదే అనుకునేవాణ్ని. అమెరికాలో దీనికొక పేరే ఉంది. అక్కడి హైస్కూళ్లలో కౌన్సెలరు ఉంటాడు. 250 మంది పిల్లలకు ఒకరు ఉండాలని వాళ్ల స్కూలు కౌన్సెలర్ల సంఘమే చెప్పింది. అంతమంది లేరుగానీ, ఆ ఉద్యోగమైతే ఉంది. దరఖాస్తు పెట్టించడం, ఆర్థిక సాయం ఫారం నింపించడం, సిఫారసు ఉత్తరం రాయడం అన్నీ ఆ మనిషి చూస్తాడు. ఇంత చేసినా కాలేజీలో సీటు వచ్చి, చేరతామని చెప్పిన పిల్లల్లో నూటికి పది నుంచి ఇరవై మంది సెలవులయ్యేసరికి కనపడకుండా పోతున్నారని బెంజమిన్ క్యాసిల్‌మన్, లిండ్సే పేజ్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క తేల్చారు. పేద పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఎండాకాలంలో మంచు కరిగినట్టు ఆ సీట్లు కరిగిపోతున్నాయని దాన్ని అక్కడ ‘సమ్మర్ మెల్ట్’ అంటారు. ఆ పేరుతోనే వాళ్లిద్దరూ 2014లో పుస్తకం రాశారు.

కారణం వెతికితే పెద్ద పెద్ద విషయాలేమీ దొరకలేదు. ఫీజు కట్టే తేదీ తెలియకపోవడం, అర్థంకాని ఉత్తరం, నింపని ఆరోగ్య బీమా ఫారం. హైస్కూలు కౌన్సెలర్లకు జూన్ నుంచి సెలవు. కాలేజీ వాళ్లకు ఆ పిల్లల పేర్లు తప్ప ముఖాలు తెలియవు. ఆ వేసవిలో ఎవరో ఒకరు ఫోను చేసి మాట్లాడినా, సమయానికి ఫోనుకి ఓ చిన్న సందేశం పంపినా చేరేవాళ్ల సంఖ్య పెరిగిందని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. సందేశాలకైన ఖర్చు తలకి కొన్ని డాలర్లే. ఈ విషయం మీద నేను చదివిన వాటిలో మన పరిస్థితికి బాగా దగ్గరగా ఉన్నది ఇదే. వాళ్లకు రెండు నెలల వేసవి. మనకు ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో మొదలైన పరీక్షలు అయిన దగ్గర్నుంచి ఆగస్టు దాకా. వాళ్లకు సెలవులో ఉన్న కౌన్సెలరైనా ఉన్నాడు.

మా దగ్గర ఆ సీటు ఎలా కరుగుతుందో దగ్గర నుంచి చూశాను.

ఓ జూన్ నెలలో ఇంటర్నెట్ సెంటర్ దగ్గర మా పాత విద్యార్థిని నిలబడి ఉంది. చేతిలో తెల్ల ప్లాస్టిక్ కవరు, అందులో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆధార్. ఎండకు కవరు లోపల చెమ్మ పట్టింది. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ సాయంత్రమే గడువు. పోర్టల్ తెరుచుకోవడానికి ఓటీపీ కావాలి. అది వెళ్లే నంబరు దరఖాస్తు నింపిపెట్టిన సెంటర్ కుర్రవాడిది. వాడు పెళ్లికని వేరే ఊరు వెళ్లాడు, ఫోను ఎత్తడం లేదు. “మా నాన్న నంబర్ ఇవ్వొచ్చని నాకు తెలీదు సార్, అన్నే పెట్టేశాడు” అంది. ఆ అమ్మాయికి ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు. పన్నెండేళ్ల చదువు ఓ పరాయి మనిషి జేబులోని ఫోనులో ఇరుక్కుపోయింది. రాత్రి తొమ్మిదింటికి వాడు దొరికాడు, ఆప్షన్లు పెట్టాం. ఆ సెంటర్ ముందే అదే అవస్థలో ఇంకో ముగ్గురు పిల్లలున్నారు. వాళ్ల సంగతి ఏమైందో నాకు తెలియదు.

కాగితాల సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి. పెద్ద వ్యాసాల్లో దీన్ని చిన్న విషయమని వదిలేస్తారు. నా అనుభవంలో సీట్లు పోయేది ఎక్కువగా ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. పుట్టినతేదీ ఒకచోట జూన్, మరోచోట జులై. పదిహేనేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి, చాలామంది ఇవ్వరు, తీరా పరీక్ష కేంద్రంలో ముద్ర పడదు. స్థానికత తేలాలంటే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివిన స్కూళ్ల స్టడీ సర్టిఫికెట్లు కావాలి. మధ్యలో రెండేళ్లు చదివిన ప్రైవేటు స్కూలు మూతపడి ఉంటుంది. రాజ్యాంగం 371-డి అధికరణం గురించి క్లాసులో మార్కుల కోసం చెప్పాను. అదే అధికరణం తమ సీటును నిర్ణయిస్తుందని ఆ పిల్లలకు కౌన్సెలింగ్ కేంద్రంలో తెలిసింది. ఆ తప్పులో నా వాటా ఉంది.

ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో గ్రామ వార్డు సచివాలయాల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరానికి ఒకసారి. మార్చిలో తీసుకున్నది జూన్ కౌన్సెలింగ్‌కు చెల్లదు. ఇంకొకటి మరీ ప్రమాదకరమైనది. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అవుతారని లేదు. రెండు జాబితాలూ వేరు, పత్రాల నమూనాలూ వేరు. నీట్ దరఖాస్తులో ఓబీసీ అని టిక్కు పెట్టి, ఆలిండియా కోటాలో సీటొచ్చాక ఆ కులం కేంద్ర జాబితాలో లేదని తెలిసి ఏడ్చిన పిల్లలున్నారు. ఇవన్నీ ఇంటర్ మొదటి ఏడాది నవంబరులో, పిల్లలు ఇంకా మన చేతిలో ఉన్నప్పుడే, ఒక్క వారంలో సరిచూసుకోదగ్గ పనులు.

డబ్బు లెక్క ఇంకో ముడి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల ఇళ్లలో మొదటి ఇంజనీరును తయారుచేసింది. ఆ పథకానికి నేను ఎప్పటికీ చేతులెత్తి దండం పెడతాను. బకాయిలు పేరుకుపోతే మాత్రం ఆ భారం పిల్లల సర్టిఫికెట్ల మీద పడుతుంది. డబ్బు కడితేగాని టీసీ ఇవ్వమనే కాలేజీలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పేవాళ్లు లేరు. రాష్ట్రం దాటి మంచి సంస్థల్లో సీటొచ్చిన పేదపిల్లలకు పీఎం విద్యాలక్ష్మి పథకం ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఎంపిక చేసిన సంస్థల్లో చేరితే హామీదారు లేకుండా అప్పు ఇస్తారు. ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకు పది లక్షల దాకా అప్పు మీద మూడు శాతం వడ్డీ రాయితీ కూడా. మా మండలంలో ఎంతమందికి దీని పేరు తెలుసో అడిగి చూశాను. ఇద్దరికి తెలుసు, ఇద్దరూ బ్యాంకు ఉద్యోగులు.

బ్యాంకు అంటే గుర్తొచ్చింది. ఎంపీసీలో తొమ్మిది వందల నలభై మార్కులు తెచ్చుకున్న కుర్రవాడు ఫీజు కోసం బ్యాంకుకెళ్లి డబ్బు తీసే ఫారం పట్టుకుని అరగంట నిలబడిపోయాడు. అంకెల్లో రాశాడు, అక్షరాల్లో రాయాల్సిన చోట పెన్ను ఆగిపోయింది. ‘పదమూడు వేల అయిదు వందలు మాత్రమే’ అని రాయాలని ఎవరూ చెప్పలేదు. ఇంటిగ్రల్ క్యాలిక్యులస్‌లో వాణ్ని మించినవాడు మా కాలేజీలో లేడు.

ఇది ఒక్క కుర్రవాడి సంగతే అనుకోకండి. ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే 2023లో ప్రత్యేకంగా 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని చూసింది. 26 రాష్ట్రాల్లో 28 గ్రామీణ జిల్లాలు. ఆ వయసువాళ్లలో 86.8 శాతం మంది ఏదో ఒకచోట చదువుతున్నారు. అంటే బడిలో, కాలేజీలో ఉన్నారు. మూడంకెల సంఖ్యను ఒక్క అంకెతో భాగించగలిగినవాళ్లు 43.3 శాతమే. సొంత భాషలో రెండో తరగతి పాఠం తడబడకుండా చదవలేనివాళ్లు నూటికి పాతిక. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఇంకొకటి. ఓఆర్ఎస్ పొట్లం మీద రాసింది చదివించి నాలుగు ప్రశ్నలు అడిగారు. చదవగలిగిన పిల్లల్లో కూడా కనీసం మూడిటికి సరిగ్గా చెప్పింది మూడింట రెండు వంతుల మందే. వాళ్లల్లో చాలామంది చేతుల్లో స్మార్ట్‌ఫోను ఉంది, దాన్ని వాడటం మన కంటే బాగా వచ్చు. పొట్లం మీది అక్షరాలకు అర్థం చెప్పడమే రావడం లేదు.

కాబట్టి జీవన నైపుణ్యాలంటూ రంగు రంగుల పుస్తకాలు అచ్చువేయించే ముందు, ఈ పొట్లం పాఠం చెప్పాలి. ఫారం నింపడం, రసీదు చదవడం, అద్దె ఒప్పందంలో ఏముందో చూడటం, మందుచీటీ మీద ఎప్పుడు ఎన్ని వేసుకోవాలో గ్రహించడం. పద్దెనిమిది నిండేవాళ్లు ఓటరుగా ఫారం 6 నింపడం. ఇప్పుడు జనవరి 1 దాకా ఆగక్కర్లేదు, ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి, పదిహేడేళ్లకే ముందస్తుగా దరఖాస్తు చెయ్యొచ్చు. లోన్‌యాప్‌లో పడితే, ఖాతాలో డబ్బు ఎవరో లాగేస్తే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలని తెలియడం. ఇవి చెప్పడానికి ఏ కమిటీ అక్కర్లేదు, ఏ సిలబస్ మార్పూ అక్కర్లేదు. సివిక్స్ పీరియడ్లు చాలు.

కమిటీలు వేసిన విషయం వేరే ఉంది. రాయడానికే చెయ్యి ఆడదు. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని 2001లో ఆచార్య నీరదారెడ్డి కమిటీని, 2017లో ఆచార్య చక్రపాణి కమిటీని వేశారు. చదువు గంటలు, హాస్టళ్ల తీరు, కౌన్సెలర్ల లేమి అన్నీ అప్పుడే చర్చకొచ్చాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. బాగా చదివే పిల్లలకు సున్నాలు పడ్డాయి, పరీక్ష రాసినవాళ్లు రానట్టు చూపించారు. ఆ కొద్దిరోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసి, ఫెయిలైన మూడు లక్షల పైచిలుకు పిల్లల పేపర్లన్నీ ఉచితంగా తిరిగి పరిశీలింపజేసింది. విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణం సుప్రీంకోర్టు దాకా వెళితే, 2025 జులైలో కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్ని కనీసం ఒకరిని పెట్టుకోవాలన్నది అందులో ముఖ్యమైనది.

ఈ మార్గదర్శకాలను నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. ఒక్క మాట మాత్రం కలపాలి. ఆ కౌన్సెలరు కాలేజీ నడిచే రోజుల్లో ఉంటాడు. మన పిల్లలు ఎక్కువగా ఒంటరయ్యేది ఫలితాలొచ్చిన రోజున, ఆ సాయంత్రం ఇంట్లో. అప్పటికి వాళ్లు ఆ కాలేజీ పిల్లలు కారు. ఫలితాల ముందు రోజున ప్రతి లెక్చరరూ తన సెక్షన్‌లో జారిపోవచ్చనిపించే పదిమందికి ఫోన్ చేసి, “ఏమొచ్చినా రేపు నాకు ఫోన్ చెయ్యి నాన్నా” అంటే చాలు. నేను ఆఖరి ఎనిమిదేళ్లు చేశాను. అరగంట పని. ఫెయిలైనవాడికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ కొద్దివారాల్లోనే ఉంటుందనీ, అది పాసైతే ఏడాది పోదనీ ఆ రాత్రే తెలియాలి. మనసు మరీ కుంగితే టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఎత్తుతారు. ఆ నంబరు హాల్‌టికెట్ వెనక అచ్చువేయాలని నా కోరిక.

ఆడపిల్లల సంగతి విడిగా చూడాల్సిందే. ఇంటర్ దాకా ఊళ్లోనో, పక్క మండలంలోనో గడిచిపోతుంది. డిగ్రీకి జిల్లా కేంద్రానికి వెళ్లాలి. బస్సు టైము, హాస్టలు దూరం, రాత్రి లైట్లు అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరక్కపోతే ఇంట్లోవాళ్లు పెళ్లి మాట తెస్తారు. పద్దెనిమిది నిండే నెల కోసం కాచుకుని ఉన్న ఇళ్లు నాకు తెలుసు. తెలంగాణలో దోస్త్, ఆంధ్రలో ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల వల్ల దరఖాస్తు ఇంట్లో కూర్చునే పెట్టొచ్చు, మంచిదే. ఆప్షన్లు పెట్టేవాళ్లు మాత్రం సొంత హాస్టలు ఉన్న కాలేజీలేవో చూసుకోకుండా పెట్టేస్తారు, ఎక్కడో దూరంగా సీటు పడుతుంది, అమ్మాయి ఆగిపోతుంది. ఆడపిల్లలున్న తల్లుల్ని ఏప్రిల్‌లో ఓ పూట కాలేజీకి పిలిచి, ముందు బ్యాచ్‌లో వెళ్లి చదువుతున్న అమ్మాయిల చేత మాట్లాడించాం. మేం నూరు మాటలు చెప్పినా నమ్మని తల్లులు, “హాస్టల్లో నాకు భయం వెయ్యలేదు పిన్నీ” అని ఆ అమ్మాయిలు ఒక్కమాట అనగానే నమ్మారు.

పై చదువుకు వెళ్లని వాళ్ల గురించి మన దగ్గర ఆలోచనే తక్కువ. జర్మనీలో పదహారు పదిహేడేళ్ల పిల్లలు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో జీతం తీసుకుంటూ పని నేర్చుకుని, మిగిలిన రోజులు వృత్తి పాఠశాలలో చదువుతారు. మన జాతీయ విద్యావిధానం 2020 కూడా ఆ పోలిక తెచ్చింది. పంతొమ్మిది నుంచి ఇరవై నాలుగేళ్ల శ్రామికుల్లో పద్ధతిగా వృత్తి విద్య పొందినవాళ్లు జర్మనీలో 75 శాతం, దక్షిణ కొరియాలో 96 శాతం, మన దేశంలో 5 శాతం లోపని రాసింది. 2025 కల్లా విద్యార్థుల్లో సగం మందికైనా వృత్తి విద్య పరిచయం కావాలని గడువు పెట్టుకుంది. ఆ గడువు వచ్చింది, వెళ్లింది. మా చుట్టుపక్కల కాలేజీల్లో ఒకేషనల్ గ్రూపంటే ఇప్పటికీ వేరే సీటు దొరకనివాళ్లు చేరేదన్న చులకన. ఇంటర్ అవగానే తీసుకుని శిక్షణ ఇచ్చి, ఉద్యోగమిస్తూ డిగ్రీ చదివించే హెచ్‌సీఎల్ టెక్‌బీ లాంటివి 2017 నుంచి ఉన్నాయి. అగ్నివీర్ నాలుగేళ్లే, ఆ తర్వాత నూటికి పాతికమందినే ఉంచుతారని తెలిసి వెళితే తప్పులేదు, తెలియక వెళ్లడం తప్పు. కానిస్టేబుల్ ఉద్యోగానికి, స్టాఫ్ సెలక్షన్ సీహెచ్ఎస్ఎల్‌కి ఇంటర్ అర్హత చాలు. లాంగ్‌టర్మ్ కోచింగ్ పేరుతో మూడో ఏడు, నాలుగో ఏడు వెయ్యి మంది ఉన్న హాస్టల్లో గడుపుతున్న పిల్లల్లో కొందరికైనా ఈ దారులు ముందే చూపించి ఉండాల్సింది.

ఇక చేరిన తర్వాత మొదటి ఆరు వారాలు. తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్‌కి వెళ్లిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో నోరు మూసుకుని ఉండిపోతారు. లెక్క వస్తుంది, ప్రశ్న అర్థం కాదు. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో బీటెక్ చెప్పడానికి కొన్ని కాలేజీలను అనుమతించింది. నేను దాన్ని సమర్థిస్తాను. అందరూ అటు వెళ్లలేరు కాబట్టి ఈ ఖాళీ నెలల్లోనే మిగిలినవాళ్లకు ఓ దారి చూపించొచ్చు. రోజుకి రెండు పేజీల ఇంగ్లీషు ఫిజిక్స్ పుస్తకం గట్టిగా చదివి తెలుగులో చెప్పమంటే చాలు. మా కాలేజీలో ఓ వేసవి పన్నెండు మందితో చేశాం. సెప్టెంబరులో వాళ్లలో ఒకడు ఫోన్ చేసి, “సార్, ఇవాళ క్లాసులో లేచి డౌటడిగాను” అన్నాడు. నా ఉద్యోగంలో నాకు దక్కిన సన్మానాల్లో అది పెద్దది.

ఫిన్లాండ్‌లో బడి పిల్లలకు దారి చూపే సలహా అందించడం చట్టం చెప్పిన బాధ్యత. 2021 నుంచి నిర్బంధ విద్య పద్దెనిమిదేళ్ల దాకా పెంచారు. పిల్లలు బడి దాటాక ఎక్కడ చేరారో, అసలు చేరారో లేదో కనుక్కోవలసింది ఆ బడీ, స్థానిక మున్సిపాలిటీ. మనం ఫిన్లాండ్ కాదని, మన దగ్గర డబ్బు లేదని అంటారు. నేను అడిగేదానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. ప్రతి జూనియర్ కాలేజీలో మార్చి నుంచి ఆగస్టు దాకా తాళం పడని ఒక్క గది. ఓ కంప్యూటరు, ప్రింటరు, నెట్ కనెక్షను. వంతుల వారీగా ఓ లెక్చరరు, ఆ సెలవు రోజులకు బదులు సెలవు. గోడ మీద పెద్ద అక్షరాల్లో తేదీల పట్టిక. ప్రతి పిల్లవాడి పేరు ఎదురుగా మూడు గడులు: ఎక్కడ సీటొచ్చింది, చేరాడా, లేకపోతే ఏం చేస్తున్నాడు. ఆగస్టు చివర ఆ పట్టిక ప్రిన్సిపాల్ నుంచి బోర్డుకి వెళ్లాలి. ఇప్పుడు కాలేజీల గొప్పదనాన్ని పాస్ శాతంతో కొలుస్తున్నారు. ఈ మూడో గడితో కొలిచిన రోజున కార్పొరేట్ కాలేజీల హోర్డింగులూ, మా ప్రభుత్వ కాలేజీల నివేదికలూ రెండూ మారతాయి.

పాఠాలు చెప్పేవాళ్లకు ఇది అదనపు భారమని మా తోటి లెక్చరర్లు అంటారు. నిజమే. వేసవిలో వాల్యుయేషన్, సప్లిమెంటరీ డ్యూటీలు, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం ఇప్పటికే ఉన్నాయి. వీటిలో అడ్మిషన్ల తిరుగుడును మాత్రం తగ్గించొచ్చు. వెళ్లిపోయిన పిల్లలకు సీటు వచ్చేదాకా తోడున్న కాలేజీకి, కొత్త పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్లాల్సిన అవసరం రాదు. అలాంటి గది మా కాలేజీలో రెండేళ్లు నడిపాం, ఆ రెండేళ్లూ అలాగే అయింది.

మీ ఊళ్లో జూనియర్ కాలేజీ ఉంటే, ఫలితాలు రాకముందే ఓసారి వెళ్లి ప్రిన్సిపాల్‌ని కలవండి. వేసవిలో ఏ గది తెరిచి ఉంటుందో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. ఎవరి దగ్గరా లేదంటే మీరే అడిగి తీసుకోండి.